నలభయ్యో రోజు వాంగ్మూలం

కేసోన్ సిటీ
14 సెప్టెంబరు 1997

ప్రియమైన అమ్మమ్మకు,

నువ్వు పంపిన ఎండుచేపల పొట్లం అందింది. ఉత్తరం కంటే ముందు వాసన అందింది. హాస్టల్ సిస్టర్ గారు ముక్కు మూసుకుని తెచ్చి ఇచ్చారు. సాయంత్రం వచ్చి రెండు అడిగి తీసుకెళ్ళారు.

నిన్న పుస్తకం చదువుతూ అన్నం మాడబెట్టాను. నువ్వే గుర్తొచ్చావు. అన్నం మాడితే కుండతో సహా పెరట్లోకి విసిరేసే మనిషివి మన ఊళ్ళో నువ్వొక్కదానివే. నేను మాత్రం గీకి తిన్నాను.

నీ ఎడమ మణికట్టుకి కట్టుకునే రుమాలు చిరిగిందని అమ్మ రాసింది. నీలం గళ్ళది ఒకటి పంపుతున్నాను. ఎప్పుడో చిన్నప్పుడు గేదె పలుపు కోసిన మచ్చ ఇప్పటికీ వానకి లాగుతుందంటే నాకు వింతగా ఉంటుంది.

ఇక అసలు సంగతి. మీ తీర్మానం ప్రతినిధుల సభలో మా కమిటీకే వచ్చింది. యుద్ధంలో జపాన్ సైన్యం బడుల్లో, చర్చిల్లో బంధించి పాడుచేసిన ఆడవాళ్ళ తరఫున మన ప్రభుత్వమే జపాన్ చేత క్షమాపణ చెప్పించాలని, పరిహారం అడగాలని, పిల్లల చరిత్ర పుస్తకంలో ఆ సంగతి రాయాలని. పోయిన సభలోనూ ఇది వచ్చింది. సభకు గడువు మూడేళ్ళు. ఆలోగా ఓటుకు రాని కాగితం చచ్చినట్టే, మళ్ళీ మొదటినుంచి పెట్టుకోవాలి. ఈసారి గడువు వచ్చే జూన్‌తో అయిపోతుంది.

సాక్షుల జాబితా నేనే టైపు చేశాను. మన ఊరివాళ్ళు పదకొండు మంది. మొదటి పేరు నీ పాటల జోడీ పాసింగ్ అమ్మమ్మది. ఆవిడ అఫిడవిట్ అన్నిటికంటే బలమైనదని అందరూ అంటున్నారు. చివరి పేరు నీది: ‘ఇసిడ్రా సుంగా, సైనికుల వంటమనిషి, చూసిన సాక్షి.’

నా పని నీకు తెలుసు. గది మూలన కూర్చుని ఎవరేమన్నా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటాను. నా వైపు ఎవరూ చూడరు. అందుకే ఈ ఉద్యోగం నాకు సరిపోయింది.

అమ్మమ్మా, ఒక మాట అడగాలి. అడగడానికి నాలుగు రోజులు పట్టింది. విచారణ రోజు నన్ను చూసి చెయ్యి చాపకు. నువ్వు చాపితే నేను లేచి వచ్చి దీవెన కోసం నీ చెయ్యి నుదుటికి ఆనించుకోవాలి. అందరూ చూస్తారు. సాక్షుల బంధువులు రికార్డు రాయకూడదని ఇక్కడ నియమం ఉంది. అది నిజమే. కానీ అదొక్కటే కారణమని రాస్తే అబద్ధమవుతుంది. నాకు భయంగా ఉంది.

నీ చేతిని ఇక్కడినుంచే నుదుటికి ఆనించుకుంటూ,
లుదీ


సాంతా ఉర్సులా
2 అక్టోబరు 1997

బంగారు తల్లి లుదీకి,

కేలెండర్ కాగితం వెనక రాస్తున్నాను, ఏమనుకోకు. ఆగస్టు నెల మనకిక అక్కర్లేదుగా.

మాడిన కుండ పారెయ్. గీకి తినకు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు.

నీ ఉత్తరం పాసింగ్‌కి చదివి వినిపించాను. చెయ్యి సంగతి దగ్గరికొచ్చి ఆపేశాను. అది వదులుతుందా. “ఏం, మొగుడు రాసిన ఉత్తరమా, దాచుకుంటున్నావు? చదవ్వే” అంది. చదివాను. తర్వాత “సర్లే ఇసిడ్రా, నువ్వు నీ చెయ్యి జేబులో పెట్టుకో. ఆ పిల్లకి నేనిస్తా నా చెయ్యి. నాకు మనవరాళ్ళు లేరు కదా, ఒక పూటకి అద్దెకి తీసుకుంటా” అని నవ్వింది. నవ్వితే దగ్గు. దగ్గితే మళ్ళీ నవ్వు.

నేను చెయ్యి చాపను. భయపడకు. నువ్వు పుట్టినప్పటినించీ సిగ్గుపడే పిల్లవి. బాప్తిస్మం నాడు కూడా ఏడవలేదు, ఫాదర్ గారు పిల్ల బతికే ఉందా అని అడిగాడు.

వంటమనిషి అని రాశారన్నావు. రాయనీ. వండాను కాబట్టి వంటమనిషినే.

మీ అమ్మ గుమ్మం ముందు బూడిద ఇంకా తవ్వుతూనే ఉంది. కొండ పేలి ఆరేళ్ళయింది, వానొచ్చిన ప్రతిసారీ ఆ మట్టి మళ్ళీ కిందికి దిగి మన ఇంట్లోకే వస్తుంది. “అమ్మా, నువ్వు మనీలా వెళ్ళి మైకులో ఏం మాట్లాడతావు, నలుగురూ ఏమనుకుంటారు” అని సణుగుతోంది. వంట గురించి మాట్లాడతానులే అన్నాను.

రుమాలు బాగుంది. గళ్ళు పెద్దవి.

మీ అమ్మమ్మ


కేసోన్ సిటీ
23 నవంబరు 1997

ప్రియమైన అమ్మమ్మకు,

గురువారం విచారణ అయ్యాక మీరంతా బస్సెక్కేదాకా కిటికీలోంచి చూశాను. కిందికి రాలేదు.

నువ్వు మాట నిలబెట్టుకున్నావు. రెండు చేతులూ గౌను జేబుల్లో పెట్టుకుని నా బల్ల పక్కనుంచే వెళ్ళావు. నా మొహం కూడా చూడలేదు. వెళ్ళాక చూస్తే బల్ల మీద అరిటాకు పొట్లం ఉంది, గేదె పాల హల్వా. ఇంకా వెచ్చగా ఉంది. అంత దూరం ఒళ్ళో పెట్టుకుని తెచ్చి ఉంటావు. ఆ రోజు నేను భోజనం చెయ్యలేదు. హల్వా మాత్రం తిన్నాను.

పాసింగ్ అమ్మమ్మ నన్ను చూసి కన్ను గీటింది. నేను తల దించుకున్నాను.

ఆరోజు జరిగింది తలుచుకుంటే సిగ్గేస్తోంది. మనిషికి మూడు నిమిషాలు, తర్వాత గంట కొట్టేస్తారు. ఇద్దరే మాట్లాడారు. పాసింగ్ అమ్మమ్మకి దగ్గు ఆగక మైకు ముందు నిలబడలేకపోయింది. “మీ అఫిడవిట్ వచ్చేసారి చదివిద్దాం” అన్నారు కమిటీ కార్యదర్శి బల్తసార్ గారు. ఆయన వకీలు, ఇసుక గడియారం తిరగేసి బల్ల మీద పెట్టుకునే మనిషి.

మీరు వరండాలో వేచి ఉన్నప్పుడు పాడిన పాట లోపలికి వినిపించింది. తపస్కాలంలో క్రీస్తు శ్రమల కథ, పాసియోన్, చదివే రాగం. మన భాషలో పాడారు. ఆ గదిలో మన భాష తెలిసింది నాకొక్కదానికే. అయినా నేను రాయలేదు. ఇక్కడి పద్ధతి అది. ఎవరైనా పాడితే మేం బ్రాకెట్లో ‘పాట’ అని రాసి ఊరుకుంటాం. ఏం పాడారో రాయం. ‘చప్పట్లు’, ‘నవ్వులు’, ‘పాట’. అంతే.

హాస్టల్‌కొచ్చి పాసింగ్ అమ్మమ్మ అఫిడవిట్ మళ్ళీ తీసి చదివాను. సంతనుంచి వస్తుంటే పట్టుకోవడం, బడిలో బంధించడం, ఎడమ చేతికి తాడు వేసి కిటికీ చువ్వకి కట్టడం. దాని నకలు టైపు చేసినప్పుడు అక్షరాలే కనిపించాయి. ఇప్పుడు ఆ కిటికీ కనిపించింది. నేను ఒకటో తరగతి చదివిన బడి అది.

ఆవిడకి మందు పంపుతున్నాను. రోజుకి మూడు చెంచాలు. తియ్యగా ఉందని సీసా అంతా ఒకేసారి తాగవద్దని చెప్పు.

నీ లుదీ


సాంతా ఉర్సులా
27 డిసెంబరు 1997

లుదీ తల్లికి,

పాసింగ్ పోయింది. ఇరవయ్యొకటిన, ఆదివారం, పూజ గంట కొట్టేటప్పుడు. మందు సీసాలో సగం మిగిలింది.

నీళ్ళు నేనే పోశాను. ఊళ్ళో ఆడవాళ్ళం కూర్చుని పాసియోన్ మొదలుపెట్టాం. మొదలుపెడితే ఆపకూడదు కదా, ఇద్దరిద్దరుగా మారుతూ పాడాం. నాకు జోడీ లేదు. నలభయ్యేళ్ళుగా నేనో చరణం అదో చరణం. దాని వంతు వచ్చినప్పుడల్లా నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఒకత్తి పక్కనించి అందుకోబోతే మోచేత్తో పొడిచాను.

మీ అమ్మ అందరికీ కాఫీ పోసింది. పాసింగ్ గురించి ఒక్క మాట అనలేదు. కానీ శవపెట్టెలోకి తన జపమాల వేసింది, నేను చూశాను.

నాకు ఒకటే కావాలి. పాసింగ్ కాగితం ఏమవుతుంది? మనిషి పోయినా కాగితం ఉంటుంది కదా? అది చదువుతామన్నారు కదా? కనుక్కుని వెంటనే రాయి. మిగతా సంగతులేవీ రాయకపోయినా ఫర్వాలేదు.

మీ అమ్మమ్మ


కేసోన్ సిటీ
8 జనవరి 1998

ప్రియమైన అమ్మమ్మకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

పోయిన సాక్షి అఫిడవిట్ రికార్డులోకి తీసుకోరు. ప్రమాణం చేసిన మనిషిని ఎదురు ప్రశ్నలు అడగడానికి వీలుండాలట. బల్తసార్ గారు నా ఎదురుగానే పాసింగ్ అమ్మమ్మ పేరు మీద ఎర్ర పెన్సిలుతో గీత గీశారు. “పాపం” అన్నారు. అని గీశారు. ఆ కాగితం తీసి పక్క ఫైల్లో పడేశారు.

“సార్, తీర్మానానికి అదే ముఖ్యం” అన్నాను. ఆయనకి వినిపించలేదు. నేనే అంత చిన్నగా అన్నాను. రెండోసారి అనలేదు. అది నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఇంకొక్క విచారణ ఉంది. జనవరి 29, గురువారం ఉదయం. ఆ తర్వాత ఎన్నికల కోసం సభ మూసేస్తారు. ఆరోజు కమిటీ సరేననకపోతే ఈ తీర్మానం కథ ముగిసినట్టే. బలమైన వాంగ్మూలం లేదు కాబట్టి సరేననరని ఇక్కడ అనుకుంటున్నారు. మిగిలిన వాళ్ళలో కొందరికి తారీఖులు గుర్తులేవు, కొందరు మాట్లాడబోయి ఏడుస్తారు. నువ్వేమో వంట గురించి చెబుతావు.

మీరంతా కలిసి పాడాలనుకుంటున్నారని అమ్మ రాసింది. వద్దు అమ్మమ్మా. పాడితే రికార్డులో ఏమీ మిగలదు. బ్రాకెట్లో ‘పాట’ అని మిగులుతుంది. మాట్లాడండి. మూడు నిమిషాలైనా మాట్లాడండి.

నీ లుదీ


సాంతా ఉర్సులా
15 జనవరి 1998

లుదీకి,

వేళ్ళ మీద లెక్కపెట్టు. డిసెంబరు 21 నించి. పెట్టావా? జనవరి 29 పాసింగ్‌కి నలభయ్యో రోజు.

నలభయ్యో రోజు దాకా పోయినవాళ్ళు ఇక్కడిక్కడే తిరుగుతుంటారు. ఆరోజు పాసియోన్ రాగంలో సాగనంపాలి, మధ్యలో ఆపకూడదు. ఇంట్లోనే సాగనంపాలని ఏ పుస్తకంలోనూ లేదు. ఫాదర్ గారిని అడిగాను. “తపస్కాలం ఇంకా రాలేదు కదమ్మా, ఇప్పుడేం పాసియోన్” అన్నాడు. “మాకు యాభై మూడేళ్ళ నించీ తపస్కాలమే ఫాదర్” అన్నాను. గడ్డం గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఎర్ర పెన్సిలు పెట్టి గీశాడన్నావే, ఆ గీత కింద ఏముందో ఆయనకి తెలీదు. నీకూ తెలీదు.

పాటలు రాయరని రాశావు. రాసేది నువ్వే కదా.

చెయ్యి జేబులోనే ఉంటుంది. నువ్వు లేవక్కర్లేదు. నీ వేళ్ళు మాత్రం ఆపకు.

అమ్మమ్మ


కేసోన్ సిటీ
3 ఫిబ్రవరి 1998

నా అమ్మమ్మకు,

పాడేటప్పుడు నువ్వు కళ్ళు మూసుకుంటావు. అందుకని ఆరోజు గదిలో జరిగింది సగం నీకు తెలియదు. అది రాస్తాను. తెలిసిన సగం కూడా రాస్తాను. రాయకపోతే అది నాకు జరిగినట్టు అనిపించదు.

నువ్వు మైకు ముందు నిలబడి “ఇవాళ మావాళ్ళలో ఒకత్తికి నలభయ్యో రోజు. సాగనంపుతాం” అన్నావు. వెనక తొమ్మిది మంది లేచారు. బల్తసార్ గారు గడియారం తిరగేశారు. నువ్వు అందుకున్నావు. ఒక చరణం నువ్వు, ఒక చరణం ఎవరూ కాదు. పాసింగ్ అమ్మమ్మ వంతు వచ్చినప్పుడల్లా అందరూ ఊరుకున్నారు. ఆ మౌనం ఎంతసేపుండాలో అంతసేపు ఉంది. తర్వాత మళ్ళీ నువ్వు.

మొదటి చరణం వినగానే నా చేతిలో పెన్సిలు ఆగింది.

సంతనుంచి వస్తుంటే పట్టారు,
బుట్టలో ఉప్పు ఇంకా తడి,
బడి గుమ్మంలోకి తోశారు.
అక్షరాలు దిద్దిన గదిలోనే
నన్ను మనిషి కాదన్నారు.

ఇది గీత గీసిన కాగితమని తెలిసింది. మూడో నిమిషంలో గంట కొట్టారు. మీరు ఆపలేదు. మళ్ళీ కొట్టారు. అప్పుడు ఛైర్మన్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “అటార్నీ, ఆ గంట పక్కన పెట్టండి” అన్నారు. “సర్, సమయం...” “మా అమ్మ పాసియోన్ చదివేది. మధ్యలో ఆపితే చీపురు తిరగేసేది. పూర్తి కానివ్వండి.” బల్తసార్ గారు ఆ గంట మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నారు. భాష అర్థం కాకపోయినా ఎవరూ కదలలేదు.

బల్తసార్ గారు నా దగ్గరికి వచ్చి వంగి, “పాట అని రాసుకో. చేతులు నొప్పెట్టుకోకు” అన్నారు. దయగానే అన్నారు. నేను తల ఊపాను. ఊపుతూనే రాస్తున్నాను. అప్పటికే ఏడు చరణాలు రాశాను.

ఎనిమిదోది అంతా ఆ కాగితంలో లేదు.

కిటికీ చువ్వకి ఒక తాడు,
తాడు కొసన నా ఎడమ చేయి,
పదహారేళ్ళ నా ఎడమ చేయి.
పొయ్యి మీద అన్నం మాడినా
దించడానికి పోనివ్వలేదు.

అమ్మమ్మా, తాడు కాగితంలో ఉంది. అన్నం లేదు. పాసింగ్ అమ్మమ్మ ఇంట్లో అన్నం మాడితే గీకి, ఉప్పు చల్లి నాకు పెట్టేది. నీకు తెలియకుండా. కుండ విసిరేసేది నువ్వు.

అక్కడ ఒక్క గీత వంకరగా ఉంది నా పుస్తకంలో. మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయి.

పదిహేడో చరణం నీకు రాసి పంపనక్కర్లేదు. అయినా రాస్తాను.

పాసింగ్ పేరు కింద దాగాను,
పాసింగ్ నేడు వెళ్ళిపోతోంది,
ఆమె పేరు ఆమెకిస్తున్నాను.
ఇసిడ్రా సుంగా నా పేరు.
తాడు కట్టింది నా చేతికి.

నువ్వు కళ్ళు తెరిచావు. గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, మీ పదిమందికీ నాకూ తప్ప. ఛైర్మన్ గారు కళ్ళజోడు పెట్టుకుని “చాలా హృద్యంగా ఉంది. ఇది ఎవరైనా రాసుకున్నారా?” అని అడిగారు. బల్తసార్ గారు “లేదు సర్. పాట అని నమోదైంది” అన్నారు.

నేను లేచాను. లేచినట్టు నాకు తర్వాత తెలిసింది. “రాశాను సర్” అన్నాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని “ఏమిటీ?” అన్నారు. కాన్వెంటులో కూడా అందరూ ఇలాగే అడిగేవారు, నేను కూర్చుండిపోయేదాన్ని. ఈసారి ఇంకోసారి అన్నాను. “ప్రతి మాటా రాశాను.”

“అయితే చదవండి. అందరికీ అర్థమయ్యే భాషలో.”

చదివాను. పదిహేడు చరణాలూ. కాన్వెంటులో మాకు కొన్ని మాటలు పైకి అనకూడదని నేర్పారు. వాళ్ళు పుస్తకంలో చుక్కలు పెట్టి వదిలేసేవారు. నేను చుక్కలు పెట్టలేదు. తొమ్మిదో చరణంలో నువ్వన్న మాటని ఉన్నదున్నట్టు అన్నాను. నా గొంతు నాకే వినిపించింది.

పేరు చదివాక బల్తసార్ గారు నా బల్ల మీది జాబితా లాక్కుని చూశారు. “ఈవిడ వంటమనిషి కదా?” అన్నారు. తర్వాత నీ వైపు తిరిగి, “సాక్షి పోయిందని కదా అది తీసేసింది” అన్నారు. అప్పుడు నువ్వు మైకు పట్టుకున్నావు.

“తీసింది ఒక పేరునే నాయనా. నేను పోలేదు. ఎదురు ప్రశ్నలు అడగాలన్నారట కదా. అడగండి. కూర్చోమంటే కూర్చుంటాను, నిలబడమంటే నిలబడతాను.”

ఇరవై నిమిషాలు అడిగారు. తారీఖు, బడి పేరు, గదికి కిటికీలెన్ని. ఎవరైనా చూశారా అని కూడా అడిగారు. “పాసింగ్ చూసింది. పక్క చువ్వకి దాన్ని కట్టారు” అన్నావు. నేను రాస్తూనే ఉన్నాను. నువ్వు చెప్పినట్టే వేళ్ళు ఆపలేదు.

చివరికి ఛైర్మన్ గారు “ఈ అమ్మాయి చదివిందంతా సరిగ్గా ఉందా? తప్పులేమైనా ఉన్నాయా?” అని నిన్ను అడిగారు. “ఒకటుంది” అన్నావు. “పైన జాబితాలో నా పేరు పక్కన ‘వంటమనిషి’ అని ఇంకా ఉంది. అది కొట్టెయ్యండి. ఎర్ర పెన్సిలు ఆయన దగ్గర ఉంది.”

వెనక ఎవరో నవ్వారు. బ్రాకెట్లో ‘నవ్వులు’ అని రాశాను.

బల్తసార్ గారు కొట్టేశారు. కొట్టేస్తూ నన్ను అడిగారు, “ఆ భాష నీకెలా వచ్చు? ఈవిడ నీకేమవుతారు?” అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం ఉండదు. మా ఊరు అటువైపే సర్, అంటే సరిపోయేది. నేను పెన్సిలు కింద పెట్టాను. గది అడ్డంగా నడిచి వచ్చాను. నీ చేతులు జేబుల్లోనే ఉన్నాయి. నేనే నీ జేబులో చెయ్యి పెట్టి నీ కుడి చెయ్యి బయటికి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాను. నువ్వు చాపలేదు. మాట తప్పింది నేను.

బంధువు రాసిన రికార్డు చెల్లదని ఆయన అన్నారు. “సాక్షే వింది, సాక్షే ఒప్పుకుంది. ప్రతి పేజీ మీదా ఆవిడ సంతకం పెడితే అది ఆవిడదే” అన్నారు ఛైర్మన్ గారు. నువ్వు ఇరవై రెండు పేజీల మీద సంతకం పెట్టావు. కమిటీ ఒప్పుకుంది. ఆరుగురు సరే, ఇద్దరు కాదు. తీర్మానం సభకి వెళుతుంది. సభలో ఓటుకి వస్తుందో లేదో నాకు తెలియదు. రోజులు లేవు.

నన్ను సోమవారం కింది అంతస్తులో రికార్డుల గదికి మార్చారు. ఇక విచారణల్లో కూర్చోకూడదు. శిక్ష అనుకుని చేశారు. నీ వాంగ్మూలం ఇప్పుడు నా బీరువాలో ఉంది. తాళం నా దగ్గరే.

అడగాలని ఉంది, ఎందుకు చెప్పలేదని. అడగను. ఇంటికొచ్చినప్పుడు ఒకటి మాత్రం ఇవ్వు. నాకెప్పుడూ కుడి చెయ్యే ఇచ్చావు. ఈసారి ఎడమ చెయ్యి.

నీ మనవరాలు
లుదివినా


సాంతా ఉర్సులా
14 జూన్ 1998

నా లుదివినాకి,

నాలుగు నెలలు జవాబు రాయలేదు. కోపం కాదు. ముందు చెప్పాల్సిన మనిషికి చెప్పి, ఆ తర్వాత నీకు రాద్దామనుకున్నాను.

నువ్వు అడగనన్నావు గాని చెబుతాను. యుద్ధం అయిపోయాక నన్ను పెళ్ళికి అడగడానికి మీ తాత వచ్చాడు. బడిలో ఏం చేశావు అన్నాడు. వండాను అన్నాను. అది నిజమే, పగలు వండించేవాళ్ళు. అతను మళ్ళీ అడగలేదు. తర్వాత మీ అమ్మ పుట్టింది. ఒకసారి వంటమనిషి అన్నాక ఆ మాటలోనే యాభై ఏళ్ళు కాపురం చేశాను. కాగితాలు రాయించుకునే లాయరమ్మ వచ్చినప్పుడు నేను వణికిపోయాను. పాసింగ్ అంది, “నాకెవరున్నారే సిగ్గుపడడానికి? నీది కూడా నా పేరు మీదే చెప్పేస్తా. నా వీపు వెడల్పు, ఇద్దరిదీ పడుతుంది.” సంత దానిది. తాడు నాది. రెండూ కలిపి ఒక మనిషికి జరిగినట్టు రాయించింది. ఆరేళ్ళు మోసింది. ఆ గీత గీసినప్పుడు నన్ను కూడా కొట్టేశారు లుదీ, అందుకే అంత కంగారుపడ్డాను.

మీ అమ్మకి చెప్పాను. వంటింట్లో, కూర తరుగుతుంటే. పది రోజులు నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. “ఇక నించి అన్నం నేను వండుతానమ్మా, నువ్వు లే” అంది. లేచాను. మర్నాడు చేపల బజార్లో మీ అమ్మ చేప కోసి ఇస్తుంటే ఎవడో “మీ అమ్మ మైకులో...” అని మొదలుపెడితే, కత్తి కింద పెట్టకుండానే “అవును, మా అమ్మే. ఏం?” అందట. పక్క చేపలమ్మి చెప్పింది. వాడు చేప కూడా తీసుకోకుండా పోయాడట.

తీర్మానం చచ్చిపోయిందని రేడియోలో విన్నాం. అందరం పాసింగ్ సమాధి దగ్గర కూర్చుని ఉన్నాం. ఓటుకే రాలేదట. ఒకత్తి ఏడ్చింది. నేను ఏడవలేదు. నిజం చెబుతున్నాను, బడాయికి కాదు. పోయినసారి చచ్చినప్పుడు మా చేతిలో ఏమీ మిగల్లేదు. ఈసారి ఇరవై రెండు పేజీలు మిగిలాయి, నీ బీరువాలో. ఎలకలు రాకుండా చూసుకో.

జులైలో కొత్త సభ. మళ్ళీ పెడతాం. అప్పుడు మేం పదిమందిమి, ఇప్పుడు లేచి రాగలిగేది తొమ్మిది. సిమియోనా పడకేసింది, అయినా పేరు రాసుకోమంది. ఈసారి మొదటి పేరు నాది. కొత్త కార్యదర్శి ఎవడొచ్చినా గడియారం తిరగేస్తాడు. తిప్పనీ. నాకు డెబ్భై ఏళ్ళు, నేను ఇంకో ముప్ఫై చరణాలు కట్టాను. పాసింగ్ వంతు నువ్వు పాడాలి. గొంతు లేదనకు. ఆరోజు వరండాలోకి వినబడిందట, కాపలావాడు చెప్పాడు.

ఎడమ చెయ్యి అడిగావు. ఇస్తాను. రుమాలు తీసేశాను. గుడ్డ మంచిది, పారెయ్యబుద్ధి కాలేదు. మీ అమ్మ దాంతో పొయ్యి మీంచి అన్నం కుండ దించుతోంది. నిన్న కొంచెం మాడింది. కుండ విసరలేదు. మీ అమ్మ గీకింది, నేను ఉప్పు చల్లుకున్నాను.

ఇసిడ్రా సుంగా
(సాక్షి)